మీటింగు పుస్తకంలో అరవై మూడో వరుస

ఇస్నాపూర్,
8 జనవరి 2025

పెదనాన్న గారికి రవళి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీకు వినపడదు. మెసేజ్ పెడితే సత్యశ్రీ అక్క చదివి మీతో "అంతా బాగున్నారట" అని ఒక్క ముక్క చెప్పి వంటింట్లోకి పోతుంది. నేను పేజీలకు పేజీలు ఎవరినో తిట్టినా ఏలూరు చేరేసరికి "అంతా బాగున్నారట" అయిపోతుంది. అందుకే ఈ కాగితం. ఫోర్జింగ్ షాపులో సుత్తి ముప్పై మూడేళ్ళు మీ చెవులు తినేసింది గాని కళ్ళు తినలేదు కదా.

విషయం ఏమిటంటే, నేనొక గ్రూపు మొదలుపెట్టాను.

మీకు తెలిసిన మాటల్లోనే చెబుతాను. ఇక్కడ పటాన్‌చెరులో మీరు పనిచేసిన ఫ్యాక్టరీకి బయటి దేశం నుంచి మిషను వస్తే దాంతో పాటు డ్రాయింగులు కూడా వచ్చేవని మీరు చెప్పేవారు. డ్రాయింగు చేతిలో ఉంటే విరిగిన ముక్క మనమే చేసుకోవచ్చు. లేకపోతే బోల్టు ఊడినా అమ్మినవాడి కాళ్ళు పట్టుకోవాలి. కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములూ అంతే. కొన్నింటికి డ్రాయింగు దాచేస్తారు. కొన్నింటిని డ్రాయింగుతో సహా అందరికీ ఇచ్చేస్తారు. చూసుకో, మార్చుకో, పక్కవాడికి ఇచ్చుకో. దాన్నే ఓపెన్ సోర్స్ అంటారు. లినక్స్ అనేది అందులో పెద్దది. ఇంటర్‌తో చదువు ఆగిన నేను ఈ నాలుగేళ్ళలో నేర్చుకున్నదంతా దాని మీదే. ఎవరూ నేర్పలేదు. తుక్కులో కొన్న కంప్యూటరూ, నా కోపమూ నేర్పాయి.

కోపం ఎందుకంటారా? మందుల కంపెనీలో లేబుల్ రూములో పనిచేస్తున్నానని తెలుసు కదా. నవంబరులో లేబుళ్ళు కొట్టే ప్రోగ్రాముకు లైసెన్సు గడువు అయిపోయింది. రెండు రోజులు లైను మొత్తం చేతులు కట్టుకుని కూర్చుంది. ఇదే పని చేసే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఒకటుంది, ఇంటి దగ్గర నేను నడిపి చూశాను, ఒకసారి చూడండి సార్ అన్నాను. సూపర్‌వైజర్ ఏమన్నాడో తెలుసా? "లేబర్ లెక్క ఉండు. గీ పంచాయితీ నీకెందుకు?"

సరే, లేబర్ లెక్కే ఉన్నాను. ఆ ఆదివారం పటాన్‌చెరు బస్టాండు వెనక అర్బాజ్ కొట్టుకు పోయాను. మొబైళ్ళు, కంప్యూటర్లు రిపేరు చేస్తాడు. మంచివాడు, నా మీద జోకులు వేస్తాడు. కొట్టు పైన గది ఖాళీగా ఉంది. నాలాంటి వాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకా ఉంటారు, నెలకు రెండు ఆదివారాలు కూర్చుందాం, తెలిసింది చెప్పుకుందాం, పాత కంప్యూటర్లు బాగుచేసుకుందాం అన్నాను. మొన్న ఐదో తేదీన మొదటిసారి కూర్చున్నాం. ఆరుగురు వచ్చారు. అందులో ఒకడు "టిఫిన్ ఉంటదా అక్కా?" అని అడిగి, లేదనగానే లేచిపోయాడు. అర్బాజ్ నన్ను పక్కకు పిలిచి, "నువ్వు మాట్లాడుతుంటే పోలీస్ స్టేషన్‌ల కూసున్నట్లు కూసుంటున్నరు. జెర నవ్వు, తల్లీ" అన్నాడు.

నాకు నిద్ర పట్టడం లేదు పెదనాన్నా. వచ్చేసారికి ఆరుగురు ముగ్గురవుతారేమో, ఆ తర్వాత నేనూ అర్బాజూ ఫ్యానూ మిగులుతామేమో. ఇంకో భయం కూడా ఉంది. నేను కాంట్రాక్టర్ కింద ఉన్నాను. ఏప్రిల్‌లో కాంట్రాక్టు వాళ్ళలో ఒక్కరిని కంపెనీ రోల్‌లోకి, అంటే పర్మనెంటుగా, తీసుకుంటారట. ఆ ఒక్కరూ నేనే కావాలి.

మీరు ఇరవై ఏళ్ళు సంఘం నడిపారు. మనుషులు మళ్ళీ మళ్ళీ రావాలంటే ఏం చేయాలో రాయండి.

మీ
రవళి

*

ఏలూరు,
17 జనవరి 2025

చిరంజీవి రవళికి పెదనాన్న వెంకటరామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అక్కకు చూపించలేదు. కొన్ని సంగతులు ఇంట్లో అందరికీ తెలియనక్కర లేదు. నాకు అర్థమైంది.

సంఘం పెట్టావన్నమాట. మన వంశంలో నా తర్వాత ఇక లేరనుకున్నాను. పైకి కంప్యూటర్ పేరు పెట్టడం తెలివైన పని. మా రోజుల్లో మేం భజన మండలి అని పెట్టుకున్నాం. అర్బాజ్ కొట్టు మేడ మీద గది కూడా మంచి చోటే. మెట్లు ఎన్ని వైపుల ఉన్నాయో చూసుకో.

మనుషులు మళ్ళీ ఎందుకు వస్తారని అడిగావు. పుస్తకం ఉంటే వస్తారు. పుస్తకం లేని సంఘం సంతలో గుంపుతో సమానం. ప్రతి సమావేశానికీ తేదీ, పేరు, కంపెనీ, టోకెన్ నెంబరు, సంతకం. టోకెన్ నెంబరు లేకపోతే చెల్లదు. తన పేరు ఒకచోట ఉందని తెలిసినవాడు వెనక్కి తిరిగి వస్తాడు. సంతకం పెట్టని మనిషి గాలి లాంటివాడు, కిటికీ తెరిస్తే పోతాడు.

1984 ఆగస్టు సంగతి నీకు చిన్నప్పుడు చెప్పాను, మళ్ళీ చెబుతాను. సమావేశమే జరగలేదని, మేం గుంపుగా వచ్చి గొడవ చేశామని యాజమాన్యం సస్పెన్షన్ కాగితాలు ఇచ్చింది. నేను లేబర్ ఆఫీసరు బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టాను. అరవై రెండు సంతకాలు! ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా అందరి కాగితాలూ రద్దయ్యాయి. ఆ పుస్తకమే మమ్మల్ని కాపాడింది.

దాన్ని విడిగా పార్సెల్ చేస్తున్నాను. సగానికి పైగా ఖాళీ పేజీలున్నాయి. అవి నీ కోసమే మిగిలాయని ఇప్పుడనిపిస్తోంది. సమావేశం అయ్యాక పేర్ల నకలు నాకు పంపు. ఒక ప్రతి ఎప్పుడూ వేరే ఊళ్ళో ఉండాలి.

దగ్గుకు వాడుతున్న మందు మార్చారు. అది మీ కంపెనీ లేబులేమో అని తిప్పి చూశాను, కాదు.

ఎప్పటికీ నీ పక్షానే ఉండే
పెదనాన్న

*

ఇస్నాపూర్,
28 జనవరి 2025

పెదనాన్న గారికి,

ఇది యూనియన్ కాదు. కంప్యూటర్ అనేది పైకి పెట్టిన పేరు కాదు. నిజంగానే కంప్యూటర్లు. మెట్లు ఒకవైపే ఉన్నాయి, పారిపోవాల్సిన పని లేదు.

పార్సెల్ వచ్చింది. అట్ట మీద "కార్మిక సంఘం, సమావేశాల పుస్తకం" అని మీ అక్షరాలు చూసి అర్బాజ్ తల పట్టుకున్నాడు. "గిదేంది, మనల్ని జైలుకు పంపుతవా?" అన్నాడు. అట్ట చింపుదామన్నాడు. నేను చింపనివ్వలేదు. మీ చేతిరాత. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేశాను.

కాని ఒకటి ఒప్పుకోవాలి, పుస్తకం పనిచేసింది. జనవరి ఇరవై ఆరు ఆదివారం, సెలవు. పదకొండు మంది వచ్చారు! పుస్తకం తెరిచి పెన్ను పెట్టగానే గదిలో మాట తీరు మారింది. నవ్వుతున్నవాళ్ళు నిటారుగా కూర్చున్నారు. మా కంపెనీ నుంచి నాతో కలిపి ముగ్గురు. శ్రావణ్‌కుమార్ స్టోర్స్‌లో తూకం వేస్తాడు. ఇరవై ఒక్కేళ్ళు, ప్రశ్నలు ఆపడు. "అక్కా, డ్రాయింగు అందరికిస్తే మరి ఇచ్చినోడు ఏం తింటడు?" అని అడిగితే అరగంట చెప్పాను, అయినా తల అడ్డంగా ఊపాడు. ఇంకొకరు పోశమ్మ, హౌస్‌కీపింగ్. ఆమెకు లినక్స్ అక్కర్లేదు. కూతురు పదో తరగతి, దానికో కంప్యూటర్ కావాలి. "మీరు బాగుచేసిన దాంట్లె ఒకటి నాకిస్తరా, ఇయ్యరా? అది చెప్పుండ్రి ముందుగాల" అంది. ఇస్తామన్నాం. మిగతా వాళ్ళు వేరే కంపెనీల వాళ్ళు, రుద్రారం కాలేజీ పిల్లలిద్దరు. నాలుగు పాత మిషన్లు తెచ్చారు, మూడు లేచాయి. నాలుగోది పొగ వదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు, దేనికో నాకు తెలియదు.

పేరు, కంపెనీ, టోకెన్ నెంబరు, సంతకం, అన్నీ మీరు చెప్పినట్టే. శ్రావణ్ అయితే ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు, "మా అమ్మకు చూపిస్త, నా పేరు రిజిస్టర్ల ఎక్కింది" అని. మీరు అడిగారు గనుక నకలు రాసి జతచేస్తున్నాను.

ఒక సందేహం. మీరు అరవై రెండు సంతకాలు అన్నారు. 1984 పేజీ చూశాను. అరవై మూడు వరుసలున్నాయి. చివరిది వేలిముద్ర. పక్కన పేరు లేదు, టోకెన్ లేదు. ఎవరిది?

గ్యాస్ కంపెనీ వాసన ఈ మధ్య సాయంత్రాలు మా వాడ దాకా వస్తోంది. అమ్మ కిటికీలు మూసి ఊదొత్తులు వెలిగిస్తోంది. రెండూ కలిసి ఇంకా ఘోరం.

రవళి

*

ఏలూరు,
6 ఫిబ్రవరి 2025

చిరంజీవి రవళికి,

పదకొండు మంది! మేం మొదలుపెట్టింది తొమ్మిదితో. నకలు చదివి భద్రంగా ట్రంకుపెట్టెలో పెట్టాను. చేతిరాత బాగుంది, కాని టోకెన్ నెంబర్లు ఇంకా కుదురుగా వేయాలి.

యూనియన్ కాదని రాశావు. అలా రాయడమే మంచిది. ఉత్తరాలు ఎవరి చేతుల్లో పడతాయో చెప్పలేం. నేనూ ఇకమీదట కంప్యూటర్ సంఘమనే రాస్తాను.

నీకు అనుభవం లేదు కాబట్టి ఒక హెచ్చరిక. కొత్త సంఘాన్ని చంపేది రహస్యం. యాజమాన్యానికి వేరే దారిలో తెలిస్తే కుట్ర అంటారు. మనమే దర్జాగా తెలియజేస్తే హక్కు అంటారు. పద్ధతి ప్రకారం జరగవలసినవి కొన్ని ఉంటాయి. అవి నేను చూసుకుంటాను, నువ్వు మనుషులను చూసుకో. ఏప్రిల్ గురించి బెంగ పెట్టుకోకు. పుస్తకం ఉన్నవాళ్ళ జోలికి ఎవరూ రారు.

సత్యశ్రీ నాకు చెవి మిషను కొంటానంటోంది. వద్దన్నాను. ఇన్నాళ్ళకు ఇంట్లో ప్రశాంతంగా ఉంది.

పెదనాన్న

*

ఇస్నాపూర్,
20 ఫిబ్రవరి 2025

పెదనాన్నా,

నమస్కారాలు రాసే ఓపిక లేదు.

సోమవారం ఉదయం గేటు దగ్గర నా కార్డు గీస్తే ఎర్ర లైటు వచ్చింది. వెనక శ్రావణ్‌ది, ఎర్ర లైటు. పోశమ్మ ఆరింటికే వచ్చి లోపలికి పోలేక బయట గట్టు మీద కూర్చుని ఉంది. ముగ్గురినీ హెచ్.ఆర్. గదిలోకి పిలిచారు. ఆయన బల్ల మీద ఫైలు తెరిచి మా పేర్లు చదివాడు. పేరు, టోకెన్ నెంబరు, పేరు, టోకెన్ నెంబరు. మా పుస్తకంలో ఉన్న వరుసలోనే! ఒక్క అంకె తప్పు లేదు.

"యూనియన్ పెడుతున్నారా?" అన్నాడు.

"కాదు సార్, కంప్యూటర్లు నేర్చుకుంటున్నాం" అన్నాను.

నవ్వాడు. "మా దగ్గర కాగితం ఉందమ్మా. అబద్ధాలెందుకు?"

కాగితం చూపించమంటే చూపించలేదు. సంఘాన్ని రద్దు చేశామని, నాయకురాలు ఎవరో చెబుతామని రాసిచ్చేదాకా పాసులు ఆపేస్తున్నానన్నాడు. కాంట్రాక్టర్ గేటు బయట మమ్మల్ని పట్టుకుని, "నేను పెండ్లి సంబంధం చూపెట్టినట్లు ఒక్కొక్కల్ని తెచ్చి పెట్టిన, మీరు నా ఇజ్జత్ తీస్తరా?" అని అరిచాడు.  బస్సెక్కేముందు పోశమ్మ నన్ను చూసి, "కంప్యూటర్ అన్నవ్ కద, బిడ్డా" అంది. అంతే.

ఆలోచించాను. పుస్తకం నా బీరువాలో ఉంది, తాళం నా మెడలో ఉంది. ఆ పేజీ ఇంకెవరి దగ్గరుంది? ఒక్కడి ఫోన్‌లో. శ్రావణ్. వాడే అమ్మేశాడు. ఏప్రిల్‌లో రోల్ కోసమే అయి ఉంటుంది. వాడి పాసు ఆపడం నాటకం.

నిన్న సాయంత్రం అర్బాజ్ కొట్టులో అందరి ముందూ అడిగాను. అడగడం కాదు, అరిచాను. ఫోన్ లాక్కుని చూశాను. ఫోటో ఉంది. వాళ్ళ అమ్మకు తప్ప ఎవరికీ పంపలేదు. "చెరిపేసి ఉంటవ్" అన్నాను. వాడు "నేను గట్లనా అక్కా?" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. నువ్వు మళ్ళీ ఈ మెట్లెక్కకు అన్నాను. వాడు బాగుచేసుకున్న కంప్యూటర్ కూడా తీసుకోకుండా దిగిపోయాడు. అర్బాజ్ షట్టర్ దించేసి నన్ను ఇంటికి పొమ్మన్నాడు.

  నాన్నకు ఇంకా చెప్పలేదు. ఉదయం టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వచ్చి, సాయంత్రం దాకా పటాన్‌చెరులో తిరిగి ఇంటికి పోతున్నాను.

ఆ వేలిముద్ర ఎవరిదో ఇప్పటికీ రాయలేదు మీరు.

రవళి

*

ఏలూరు,
21 ఫిబ్రవరి 2025

చిరంజీవి రవళికి,

శుభవార్త. నేను పంపిన రిజిస్టర్ పోస్టు తాలూకు ఎకనాలెడ్జ్‌మెంట్ కార్డు నిన్న తిరిగి వచ్చింది. మీ కంపెనీ స్టాంపు, అందుకున్నవాడి సంతకం, తేదీ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇక వాళ్ళకు తెలియదనడానికి వీల్లేదు.

ముందుగా నీకు చెప్పలేదు. చెబితే భయపడి వద్దంటావని. ఉత్తరం నకలు జతచేస్తున్నాను. "మీ సంస్థలో పనిచేయుచున్న ఈ దిగువ కార్మికులు సంఘముగా ఏర్పడియున్నారని ఇందుమూలముగా తెలియజేయడమైనది" అని మొదలుపెట్టాను. మీ కంపెనీవాళ్ళ పేర్లు మాత్రమే, నువ్వు పంపిన వరుసలోనే, టోకెన్ నెంబర్లతో సహా రాశాను. కింద గౌరవ సలహాదారు అని నా సంతకం. పద్నాలుగేళ్ళయింది రవళీ, ఇలాంటి ఉత్తరం రాసి. రాస్తుంటే దగ్గు కూడా రాలేదు.

ఇక నిన్నెవరూ ఏమీ చేయలేరు. హాయిగా నిద్రపో.

పెదనాన్న

*

ఇస్నాపూర్,
27 ఫిబ్రవరి 2025

పెదనాన్నా,

మీ ఉత్తరం అందింది. బస్టాండులో నిలబడి చదివాను. చదివి అక్కడే కూర్చుండిపోయాను. ఒకామె మంచినీళ్ళిచ్చింది.

మీరా? హెచ్.ఆర్. బల్ల మీద ఉన్న కాగితం మీరు రాసిందా?

మీకు ఎన్నిసార్లు రాశాను, యూనియన్ కాదని? మీరు పర్మనెంటు. మిమ్మల్ని తీసేయాలంటే చార్జిషీటు, ఎంక్వైరీ, పెద్ద తతంగం ఉండేది. నన్ను తీసేయడానికి ఏం కావాలో తెలుసా? ఒక ఎర్ర లైటు. మా పేర్లు ఆ కంపెనీలో ఎక్కడా లేవు, కాంట్రాక్టర్ డైరీలో ఉన్నాయి. లేని పేర్లను మీరు టోకెన్ నెంబర్లతో సహా రిజిస్టర్ పోస్టులో పంపించి రసీదు తెచ్చుకున్నారు!

మిమ్మల్ని తిట్టాలని నాలుగు కాగితాలు రాసి చించాను. చించడానికి కారణం మీరు కాదు. నకలు పంపింది నేనే. నా చేత్తో రాసి, స్టాంపు అంటించి, డబ్బాలో వేసి, మరిచిపోయాను. ఆ పేజీ ఇంకెవరి దగ్గరుందని తల బద్దలు కొట్టుకుంటే నా పేరూ మీ పేరూ తట్టలేదు. చిన్నవాడి పేరు తట్టింది. నన్ను సూపర్‌వైజర్ "లేబర్ లెక్క ఉండు" అన్నాడని మూడు నెలలుగా మండిపోతున్నాను. నేను వాడిని అంతకంటే తక్కువగా చూశాను.

శ్రావణ్ గదికి పోయాను. తాళం. పక్కింటివాళ్ళు జహీరాబాద్‌లో అమ్మ దగ్గరకు పోయాడన్నారు. ఫోన్ ఎత్తడం లేదు.

మీరు ఇంకెవరికీ ఉత్తరాలు రాయకండి. దండం పెడతాను.

రవళి

*

ఏలూరు,
5 మార్చి 2025

రవళీ,

నీ రెండు ఉత్తరాలూ ఒక రోజు తేడాతో అందాయి. ముందు ఇరవయ్యో తేదీది, తర్వాత ఇరవై ఏడోది. నా ఉత్తరం అందకముందు నువ్వు నన్ను నమ్మి రాసింది చదవడమే ఎక్కువ కష్టమైంది.

వేలిముద్ర గురించి రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ చదవనట్టు దాటేశాను. ఇప్పుడు చెబుతాను.

ఆ రోజు గేటు బయట బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టాం. అరవై రెండు మంది పర్మనెంటు వాళ్ళం సంతకాలు చేశాం. మా షాపులో బూడిద ఎత్తే కాజువల్ కూలీ ఒకతను దూరంగా నిలబడి చూస్తున్నాడు. "నేను గూడ పెడత సారూ" అన్నాడు. సంతోషం వేసింది. నేనే అతని బొటనవేలు పట్టుకుని సిరా అద్దాను. అతను వేలు తలకు తుడుచుకుని నవ్వాడు.

లేబర్ ఆఫీసరు ముందు అరవై రెండు కాగితాలు రద్దయ్యాయి. అతని మీద రద్దు చేయడానికి కాగితమే లేదు. మస్టర్‌లో, అంటే కంపెనీ హాజరు పట్టీలో, పేరుంటే కదా కాగితం ఇచ్చేది. మర్నాటి నుంచి అతన్ని లోపలికి పిలవలేదు. వారం పాటు గేటు దగ్గరకు వచ్చి నిలబడేవాడు. మేం ఆ వారంలోనే లడ్డూలు పంచుకున్నాం. ఒకటి అతని చేతిలో కూడా పెట్టాను. ఎనిమిదో రోజు రాలేదు.

నలభై ఏళ్ళు అందరికీ అరవై రెండనే చెప్పాను. పుస్తకం కాపాడిందని చెప్పాను. పుస్తకం ఎవరినీ కాపాడలేదు రవళీ. మమ్మల్ని మస్టర్ రోల్ కాపాడింది. అది తెలిసి కూడా నీకు పుస్తకం పంపాను.

ఆదివారం రాత్రి బస్సెక్కుతున్నాను. సోమవారం, పదో తేదీ ఉదయం మీ కంపెనీ గేటు దగ్గర ఉంటాను. రావద్దని రాయకు. ఆ ఉత్తరం వచ్చేలోగా నేనే అక్కడుంటాను.

వెంకటరామయ్య

*

ఇస్నాపూర్,
24 మార్చి 2025

పెదనాన్న గారికి,

క్షేమంగా చేరారని అక్క మెసేజ్ పెట్టింది. ఇక్కడ "అంతా బాగున్నారట" అని మీకు చెప్పిందట, ఆ మాట నేనన్నానట. నేనేం చెప్పలేదు.

గేటు దగ్గర జరిగింది మీరు చూశారు, వినలేదు. హెచ్.ఆర్. ఆయన అంటున్న ప్రతి మాటా అర్బాజ్ రసీదు పుస్తకం వెనక రాసి మీకు చూపించాను. "ముసలాయన్ని అడ్డం పెట్టుకుని నాటకాలా" అన్నది కూడా రాశాను, మెత్తగా చేయలేదు. మీరు చదివి, ఆయన ముఖంలోకి చూసి, "ఆ ఉత్తరం నా సొంత బుద్ధితో రాశాను, ఈ పిల్లలకు తెలియదు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టారు. రాసిన మాట వెనక్కి తీసుకోవడం మీ జీవితంలో మొదటిసారి అని నాకు తెలుసు. పెన్ను మూత పెట్టడానికి మీకు మూడుసార్లు పట్టింది. నేను చూడనట్టు నిలబడ్డాను.

ఒక్క మాట మాత్రం మీకు రాసి చూపించలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆయన చివర్లో అన్నాడు: "ఆ పుస్తకం మాకు ఇచ్చేయండి. ముగ్గురూ రేపు ఉదయం లోపలికి రండి." పుస్తకం మీ సంచిలోనే ఉంది, మీకు తిరిగి ఇచ్చేద్దామని ఆ ఉదయం నేనే గేటు దగ్గరకు తెచ్చి అందులో పెట్టాను. రాసి చూపిస్తే మీరు వెంటనే తీసి ఇచ్చేసేవారు. అందులో ఇంకో ఎనిమిది మంది పేర్లున్నాయి, కాలేజీ పిల్లలిద్దరు పోగా మిగతావి వేరే కంపెనీల వాళ్ళవి, టోకెన్ నెంబర్లతో సహా. ఈ గేటు నుంచి ఆ గేటుకు ఫోన్ పోవడానికి ఎంతసేపు? అందుకే రాయలేదు. "ఇంటికి పోదాం" అని రాశాను. మీరు నమ్మారు.

ఏప్రిల్ రోల్ అక్కడే పోయింది. నా చేతులారా పోగొట్టుకున్నాను. దాని గురించి ఏడవను. కాని పోశమ్మ పక్కనే నిలబడి అంతా వింది. మీరు ఆటో ఎక్కాక నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా పాసు సంగతి ఫైసలా చెయ్యనీకి నువ్వెవరే? నన్నొక్క మాట అడిగినవా?"

"ఎనిమిది మంది పేర్లు..."

"ఎనిమిది మంది గురించి సోచాయించినవ్. పక్కనున్నదాన్ని యాది మరిచినవ్. గా పెద్దసారు నిన్ను అడగకుంట ఉత్తరం రాసిండు. నువ్వు నన్ను అడగకుంట నోరు మూసుకున్నవ్. ఏం ఫరక్?"

  నేనూ మీ ఇంటి పిల్లనే అని అప్పుడు అర్థమైంది.

ఆమె పాసు మూడో రోజు వచ్చింది. ఎవరి దయా కాదు. ఆమె బదులు పెట్టుకున్నామె మానేయడంతో మూడు రోజులు టాయ్‌లెట్లు కడిగేవాళ్ళు లేక ఆఫీసు వాళ్ళే ముక్కు మూసుకున్నారు, కాంట్రాక్టరే ఇంటికొచ్చి పిలుచుకుపోయాడు. నా కార్డుకు ఇంకా ఎర్ర లైటే. అర్బాజ్ కొట్టులో కూర్చుంటున్నాను. నాన్నకు చెప్పాను. మూడో రోజు కొట్టుకు వచ్చి ఫ్యాను బాగుచేసి పోయాడు.

నిన్న ఆదివారం గది తెరిచాం. ఎవరూ రారనుకున్నాను. ఏడుగురు వచ్చారు. పోశమ్మ కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, "నేను సంతకం పెట్ట. వస్త, కూసుంట, పోత. నా బిడ్డ కంప్యూటర్ ఏది?" అంది. ఇచ్చాం. ఆ పిల్ల తెలుగు అక్షరాలు ఎలా కొట్టాలో పావుగంటలో పట్టేసింది. ఇక పేర్లూ టోకెన్ నెంబర్లూ రాయం, తేదీ వేసి ఎంతమంది వచ్చారో మాత్రం రాద్దాం అని నేను చెబుతుంటే మెట్ల మీద చప్పుడైంది.

శ్రావణ్.

లేచి నిలబడ్డాను. అందరి ముందూ తిట్టాను గనుక అందరి ముందే క్షమించమన్నాను.  వాడు నా వైపు చూడకుండా వచ్చి పుస్తకం ముందు కూర్చున్నాడు. పెన్ను తీశాడు. తేదీ, పేరు. ఇప్పుడు ఇస్నాపూర్‌లోనే ఇంకో కంపెనీలో చేరాడట. ఆ కంపెనీ పేరు రాశాడు. కొత్త టోకెన్ నెంబరు రాస్తుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దురా, ఇగ నెంబర్లు రాయొద్దని ఇప్పుడే అనుకున్నం."

"రాయని అక్కా. ఈసారి బయటికి పోతే ఎవరు చెప్పిండ్రని నువ్వు పరేషాన్ కానక్కర్లేదు. నేనే రాసిన, నేనే చెప్పిన."

 అర్బాజ్, "చాయ్ తెప్పిస్తున్న, నవ్వేటోళ్ళకు మాత్రమే" అన్నాడు. శ్రావణ్ సంతకం పెట్టి, తన పాత కంప్యూటర్ దుమ్ము తుడుచుకుని, మూలకు పోయి కూర్చున్నాడు.  ప్రశ్నలు మాత్రం నన్ను కాదు, అర్బాజ్‌ను అడిగాడు.

ఆ రోజే మీ సంచిలోంచి మళ్ళీ తీసుకున్నాను, పుస్తకం ఇక్కడే ఉంది. మీకు తిరిగి పంపను. క్యాలెండర్ అట్ట తీసేశాను. రాత్రి 1984 పేజీ తెరిచి చూశాను. అరవై రెండు పేర్లు మీ అక్షరాల్లో, గుండ్రంగా. అరవై మూడో వరుసలో వేలిముద్ర పక్కన ఖాళీ. సంతకం పెట్టని మనిషి గాలి లాంటివాడని రాశారు మీరు. ఈయన పెట్టాడు కదా. పేరు రాయనిది మీరు.

మూడోసారి అడుగుతున్నాను. ఎవరు?

రవళి

*

[పోస్టుకార్డు]

ఏలూరు,
1 ఏప్రిల్ 2025

రవళీ,

పెంటయ్య. బొంతపల్లి. అప్పటికి ఇరవై ఏళ్ళుంటాయి. తండ్రి పేరు అడగలేదు.

ఆ ఖాళీలో నువ్వే రాయి. టోకెన్ నెంబరు దగ్గర ఏమీ రాయకు. అడ్డగీత కూడా గీయకు, అలాగే ఉంచు.

బొంతపల్లి మీకు ఎంత దూరం? ఉన్నాడో లేడో. నేను వస్తాను. ఈసారి నిన్ను అడిగి.

పెదనాన్న